విరగని పిన్ను

ఆ ఇంట్లో మాటలన్నీ అత్తగారివే. కోడలికి కనీసం కుట్టుమిషను చప్పుడుంది, ఆమె బావగారికి, అంటే అత్తగారి పెద్దకొడుక్కి, అదీ లేదు. లేతు మిషన్ల మధ్య పొద్దస్తమానం ఇనుము అరుపులు విని విని, ఇంటికొచ్చేసరికి ఆయన నోరు మూతపడిపోయేది. వర్క్‌షాపులో ఆయనకు పానా అని పేరు పెట్టారు, జేబులో పానా లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు కాబట్టి. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "నా సైజుకి సరిపడేది దొరకలేదండీ" అనేవాడు. ఆయన వేసే జోకు అదొక్కటే. అడిగినవాళ్ళందరికీ అదే వేసేవాడు.

తమ్ముడు పోయాక అది కూడా మానేశాడు.

తమ్ముడంటే కోడలి భర్త. తండ్రి హయాంలో కొన్న పాత ట్రాక్టరుతో, పొలం గట్టున ఎండిపోయిన చెట్టు మొద్దుకి గొలుసు కట్టి లాగుతుంటే, ముందు చక్రాలు గాల్లోకి లేచి బండి వెనక్కి తిరగబడింది. పక్క పొలాలవాళ్ళు పరుగెత్తుకొచ్చి గొలుసు కోసి, బండి ఎత్తేసరికి అంతా అయిపోయింది. తరవాత దాన్ని ఎవరో లాక్కొచ్చి పెరట్లో రేకుల షెడ్డులో వదిలిపోయారు. బావగారు దాని మీద టార్పాలిను కప్పి, నాలుగు మూలలా తాళ్ళు బిగించాడు.

బండిని కప్పగలిగాడు గానీ వీధి నోళ్ళను కప్పలేకపోయాడు. తాగి ఎక్కాడని ఒకరు, కునుకు తీశాడని ఒకరు, అసలు వాడికి బండి నడపడం వస్తేగా అని మరొకరు. ఆ మనిషికి తాగుడు అలవాటే లేదు. అత్తగారు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, వచ్చిన ప్రతి మాటా చెవిన వేసుకునేది. "నా చిన్నోడు ఏం తప్పు చేశాడే?" అని కోడల్ని అడిగేది. కోడలు తల వంచుకుని మిషను ఇంకాస్త గట్టిగా తొక్కేది. పుట్టింటివాళ్ళు వచ్చెయ్యమన్నా ఆమె వెళ్ళలేదు. ఆమె చేతి కుట్టు నచ్చినవాళ్ళంతా ఆ వీధిలోనే ఉన్నారు. పైగా అత్తగారికి మందులు గుర్తుచేసి వేయించేది ఆమే.

గుండె బాగా నీరసించిందని డాక్టరు చెప్పి పంపిన రోజున అత్తగారు పెద్దకొడుకుని పిలిచింది.

"పెద్దోడా, ఆ బండి విప్పి చూడు."

"ఇప్పుడెందుకమ్మా అదంతా?"

"ఎందుకేంట్రా? అది ఎందుకు తిరగబడిందో తెలియకుండానే నేను పోవాలా? ఇన్నాళ్ళూ ఇనుముతోనే కాపురం చేశావుగా. చూసి చెప్పు. తప్పు బండిదా, నా కొడుకుదా?"

బావగారు "చూస్తాలే" అన్నాడు.

సెలవురోజు టార్పాలిను తీశాడు. వంకరపోయిన స్టీరింగు చక్రం ముందు బయటపడింది. కోడలు చూసింది అదొక్కటే. గబుక్కున పెరటివైపు కిటికీ మూసేసింది. మూసినా లోపలికి వినిపిస్తూనే ఉంది, సుత్తితో మెల్లగా తట్టడం, కాసేపు ఆగడం, మళ్ళీ తట్టడం. తుప్పు పట్టిన ప్రతి బోల్టుకీ బ్రష్షుతో కిరసనాయిలు పూసి, అది నానేదాకా పక్కనే కూర్చునేవాడు. "రా, ఇంక చాలు, రా" అని బతిమాలేవాడు. ఆయన మనుషులతో అన్ని మాటలు ఆడడం కోడలు ఎన్నడూ వినలేదు.

ఇంజను బిగుసుకుపోయింది. ముందువైపు హ్యాండిలు పెట్టి తిప్పితే చెయ్యి నొప్పెట్టడమే గానీ అంగుళం కదల్లేదు. పైమూత తీసి, లోపల డీజిలు నింపి, నానబెట్టి వదిలేశాడు. గాలి పీల్చే గొట్టంలో ఎలుకలు గూడు కట్టాయి. ఆ గూట్లో కోడలి మిషను కింద రాలిన గుడ్డపీలికలన్నీ ఉన్నాయి, ఎర్రవి, నీలంవి. అవి చేతిలో పట్టుకుని బావగారు గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"అమ్మాయ్, నీ కత్తెర ఒకసారి ఇస్తావా? ప్యాకింగులు కత్తిరించాలి."

ఇంజను భాగాల మధ్య నూనె కారకుండా పెట్టే మందపాటి అట్టలవి. బావగారు కత్తిరిస్తే అంచులు కొరికినట్టు వచ్చాయి. గుమ్మంలోంచి కాసేపు చూసి, చూడలేక, కోడలు షెడ్డులోకి వెళ్ళి అట్ట లాక్కుంది. "ఇటివ్వండి బావగారూ. పాడుచేస్తున్నారు." గుండ్రటి చిల్లులతో సహా గీత మీద గీత తప్పకుండా కత్తిరించి ఇచ్చింది. ఆయన దాన్ని వెలుగుకి ఎత్తి చూసి, "గుండీల కాజాలు కుట్టే చెయ్యి మరి" అన్నాడు. ఆమె నవ్వబోయి, వెనకనున్న డ్రైవరు సీటు కనపడి ఆగిపోయింది.

అప్పట్నుంచి కుట్టుపని తక్కువున్నప్పుడు షెడ్డుకి వెళ్ళేది. లైటు పట్టుకునేది. అడిగిన సైజు పానా అందించేది. విప్పిన నట్లని డబ్బాల్లో వేసి, ఎక్కడివో గుర్తుగా గుడ్డముక్కలు కట్టేది. భర్తను మింగిన బండి అని మొదట్లో వేలు తగిలితే చెయ్యి వెనక్కి తీసుకునేది. రానురాను, గ్రీజు గోళ్ళలోకి ఎక్కాక, అది ఒట్టి ఇనుము లాగే అనిపించసాగింది. అలా అనిపించినందుకు మళ్ళీ బాధపడేది.

చెక్కదిమ్మలు పెట్టి బావగారు బండిని నడిమికి రెండు ముక్కలుగా విడదీశాడు. క్లచ్చి ప్లేటు బయటికి తీశాడు. కాలితో తొక్కినప్పుడు చక్రాలకి పట్టు వదిలించేది అదే. దాన్ని కదిపే లివర్లు, పిన్నులు ఒక్కొక్కటే కడిగి, వేలితో తడిమి, గుడ్డ మీద పేర్చాడు. ఏదీ విరగలేదు. ఏదీ అరగలేదు. బ్రేకులూ సరిగ్గానే ఉన్నాయి.

"బండిలో ఏమీ లేదా బావగారూ?"

ఆయన లేచాడు. కిరసనాయిలు బకెట్టు తీసుకుని వెనకభాగం కడగడం మొదలుపెట్టాడు. ఎండిన మట్టి పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. ఇరుసుకి పైన, నాగలి బిగించే ఇనుప చెవి ఒకటి ఉంటుంది. దాని చుట్టూ గొలుసు లింకులు కొరికిన గాట్లు తెల్లగా మెరిశాయి. కింద, నేలకి దగ్గరగా, బరువులు లాగే కొక్కెం ఉంది. దాని మీద పాత తుప్పు ఎక్కడా చెదరలేదు.

బావగారు గుడ్డ కింద పడేసి, టైరుకి చేరగిలబడ్డాడు.

"ఏంటది? చెప్పండి."

"గొలుసు పైన కట్టాడమ్మా. కింద కొక్కేనికి కట్టాలి. పైన కట్టి లాగితే వెనక చక్రాలు కదలవు, ముందుభాగం లేస్తుంది. ఒక్కసారి లేచిందంటే క్లచ్చి తొక్కే వ్యవధి కూడా ఉండదు."

"ఆయనకి తెలియదా ఆ సంగతి?"

"తెలుసు. నాన్న నాకు చెప్పాడు, నేను వాడికి చెప్పాను. వాడు వేరేవాళ్ళకి చెప్తుంటే విన్నాను కూడా. మరి వంగి కింద ఎందుకు కట్టలేదో..."

కోడలికి ఎందుకో తెలిసిపోయింది. ఆ రోజు పొద్దున భర్త నడుం పట్టేసిందని మంచం మీంచి లేవలేకపోయాడు. ఆమే మందు రాసింది. చొక్కా ఆమే తొడిగింది. చెప్పుల కోసం వంగలేకపోతే నవ్వి, కాలికి తొడిగి పంపించింది. ఆ మాట బావగారితో చెప్పింది.

"ఏరా, ఏం తేలింది?" అని ముందుగదిలోంచి కేక వినిపించింది.

బావగారు చేతులు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళాడు. కోడలు వెనకే వెళ్ళింది. అత్తగారు కుర్చీ అంచుకి జరిగి, కొడుకు నోటికేసి చూస్తోంది.

"క్లచ్చిలో పిన్ను విరిగిందమ్మా. వాడు తొక్కే ఉంటాడు, పట్టు వదల్లేదు. వాడి తప్పేం లేదు."

కోడలు చటుక్కున ఆయనవైపు చూసింది. అత్తగారు కళ్ళు మూసుకుంది. "నేను చెప్పలేదూ? నా బిడ్డ తప్పు చెయ్యడని చెప్పలేదూ?" అని కోడలి చెయ్యి పట్టుకుని, ఊపిరాడనంతగా ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, ముఖం తుడుచుకుని, నెమ్మదిగా తలెత్తింది.

"అయితే ఆ పిన్ను ఎవరు చూసుకోవాలిరా?"

బావగారు చేతులు ఇంకోసారి తుడుచుకున్నాడు. "నేనేనమ్మా."

"ఊళ్ళోవాళ్ళ మోటార్లన్నీ బాగుచేస్తావు. ఇంట్లో తమ్ముడెక్కే బండి చూడ్డానికి నీకు తీరిక లేకపోయింది."

ఆయన తల దించుకున్నాడు. పెద్దకొడుకుతో ఆవిడ సూటిగా ఆడిన చివరి మాట అదే.

ఆపైన ఏదైనా కోడలి ద్వారానే. "ఆయన్ని తినమను." "ఆయన్ని దీపం ఆర్పమను." కన్నకొడుకు 'ఆయన' అయిపోయాడు. కంచం పెట్టుకుని బావగారు వంటింట్లో గోడవైపు తిరిగి తినేవాడు. సంగతి వీధిలోకి పాకింది. చిన్నవాణ్ణి అన్నవాళ్ళంతా ఇప్పుడు పెద్దవాడి మీద పడ్డారు. సాయంత్రాలు నీళ్ళ మోటార్లు పట్టుకుని గేటు దగ్గరికి వచ్చేవాళ్ళు రావడం మానేశారు.

కోడలు ఓర్చుకోలేకపోయింది. షెడ్డుకి వెళ్ళి, "నేను చెప్పేస్తాను బావగారూ. నిజం చెప్పేస్తాను. ఇదెక్కడి న్యాయం?" అంది.

ఆయన పిస్టనుకి రింగులు ఎక్కిస్తున్నాడు. చెయ్యి ఆపకుండానే అన్నాడు: "వద్దమ్మా. నేను ఎదురుగా ఉన్నాను, నన్ను తిట్టుకోవచ్చు. వాడు లేడు. లేనివాడి మీద కోపం వస్తే ఆవిడ ఎక్కడ పెట్టుకుంటుంది? నీ మీద పడుతుంది. నడుం నొప్పితో ఎందుకు పంపావంటుంది."

ఆమె అక్కడే చెక్కదిమ్మ మీద కూలబడి ఏడ్చింది. ఆయన ఓదార్చలేదు. ఆయనకు చేతకాదు. రింగు జారిపోతే మళ్ళీ ఎక్కించుకున్నాడు.

ఒక మధ్యాహ్నం ఇంజను లేచింది. హ్యాండిలు తిప్పగా తిప్పగా ఒకసారి దగ్గి, నల్లటి పొగ కక్కి, షెడ్డు రేకులు అదిరిపోయేలా కొట్టుకోవడం మొదలుపెట్టింది. బావగారు దాని పక్కన నిలబడ్డాడు గానీ ముఖంలో సంతోషమేమీ లేదు. ముందుగదిలో అత్తగారు రెండు చెవులూ మూసుకుని, "బాగుచేశాడా? ఇప్పుడు బాగుచేశాడా?" అంటూ ఉండిపోయింది.

ఆవిడ ఆసుపత్రిలో పోయింది. బావగారు రోజూ వెళ్ళి వరండాలో బెంచీ మీద కూర్చునేవాడు. లోపలికి వస్తే ఆవిడ గోడకి తిరిగి పడుకునేది. చివరిరోజు మాట బాగా తడబడింది. కోడలు చెవి దగ్గర పెట్టి వింటే, "వాడు తిన్నాడా?" అంది. ఏ వాడో చెప్పలేదు. కోడలు అడిగేలోపే కళ్ళు మూతలుపడ్డాయి.

చాలా రోజుల తరవాత, ఇంజను కింద నూనె కారుతోందని పడుకుని చూస్తూ, బావగారు అడిగాడు.

"అమ్మ చివర్లో ఏమైనా అందా?"

"వాడు తిన్నాడా అని అడిగింది."

బావగారు పానా కింద పెట్టాడు. "చిన్నోడి గురించా?"

"మీ గురించే బావగారూ. పెద్దోడు అని కూడా అంది."

బండి కిందనుంచి నూనెతో నల్లబడ్డ చెయ్యి బయటికొచ్చి, గుడ్డ కోసం వెతికింది. కోడలు అందించింది. ఆ మాట ఆయన నమ్మాడో లేదో ఆమెకు తెలియలేదు. తానూ మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ట్రాక్టరు ఇప్పటికీ షెడ్డులోనే ఉంది. పొలం కౌలుకిచ్చేశారు కనక దానికి పనేమీ లేదు. సెలవురోజున బావగారు దాన్ని కాసేపు నడిపించి, తుడిచి, ఆపేస్తాడు. కొలతలివ్వడానికొచ్చే ఆడవాళ్ళు ఆ చప్పుడు విని పెదవి విరుస్తారు. "ఈ శ్రద్ధ అప్పుడే ఉంటే మీ ఆయన బతికుండేవాడు కదమ్మా, పాపం" అంటారు. కోడలు టేపు వాళ్ళ భుజం మీదుగా పట్టి, "కాస్త నిటారుగా నిలబడండి" అంటుంది.