గాలి తీసిన బ్రేకు

బ్రేకులో గాలి తీసే పనికి ఇద్దరు కావాలంటారు. ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కిపట్టాలి, ఇంకొకరు చక్రం దగ్గర గాలి వదిలే చిన్న మర, అదే నిపుల్, వదులు చేసి, గాలి పోగానే బిగించాలి. ఆ తొక్కేది మా ఆయనైతే మాత్రం ఒంటరిగా చేసుకోవడమే నయం.

వేంపల్లెలో ఉండగా మా పాత కారుకు వెనక బ్రేకు పైపు నేనే మార్చాను. మా నాన్న ఎర్రగుంట్లలో సిమెంటు లారీ నడిపేవాడు, స్పానర్లు నాకు ఆయన దగ్గరే అలవాటయ్యాయి. పైపు మార్చాక లోపల గాలి చేరి, పెడల్ బొరుగుల మూట తొక్కినట్టు మెత్తగా దిగిపోతోంది. మర్నాడే అత్తను కడపలో కంటి డాక్టరుకు చూపించాలి. ఆమె వరండాలో చెనక్కాయలు వలుస్తూ తేల్చి చెప్పేసింది.

"నువ్వు విప్పిన బండి నేనెక్కను తల్లీ. బస్సుకు పోతా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆమె ఆ కారే ఎక్కాలి, అదీ నేను నడుపుతుంటే ఎక్కాలి అని పంతం పట్టాను.

మా ఆయన్ను సీట్లో కూర్చోబెట్టి తొక్కి పట్టుకోమన్నాను. నేను నిపుల్ వదులు చేశానో లేదో ఫోను మోగింది, ఆయన కాలు తీసేశాడు. పోయిన గాలంతా మళ్లీ లోపలికి వెళ్లింది.

"ఏమప్పా, పట్టుకోమంటి కదా!"

"నన్నంటావేంది? నీ స్పానరే లూజుగా ఉండాది."

ఆడలేక మద్దెల ఓడన్నాట్ట. దిగిపొమ్మన్నాను.

మందుల షాపు నుంచి సెలైన్ ట్యూబు తెచ్చాను. ఒక కొస నిపుల్‌కు తొడిగి, రెండో కొస సీసాలో కొంచెం పోసిన బ్రేకు ఆయిల్‌లో ముంచాను. సీసాను నిపుల్ కంటే ఎత్తులో కట్టాను. ఇలాగైతే పెడల్ వదిలినప్పుడు గాలి బదులు ఆయిలే వెనక్కి వస్తుంది. నిపుల్ మర చుట్ల సందుల్లోంచి కూడా గాలి పీలుస్తుందని చుట్టూ గ్రీజు పూశాను. తొక్కడం, దిగి ట్యూబు చూడడం, బానెట్ కింది డబ్బాలో ఆయిల్ తగ్గకుండా పోయడం, మళ్లీ ఎక్కి తొక్కడం. మోకాళ్లు పట్టేశాయి గాని పని భలే నచ్చింది. ఎవరి మీదా అరిచే పని లేదు.

కాసేపటికి అత్త చేట పక్కన పెట్టి వచ్చింది.

"ఆ బుడగలేందమ్మా?"

"గాలి అత్తా. అది పోయిందాకా బ్రేకు పడదు."

ఆమె చక్రం పక్కనే గొంతుక్కూర్చుంది. "తొక్కు... ఇంగా వస్తాండాయి... తొక్కు." కంటి డాక్టరు దగ్గరికి పోవాల్సిన మనిషికి ఆవగింజంత బుడగ కూడా కనిపించింది. అన్ని చక్రాలూ అయ్యేదాకా లేవలేదు. చివరికి పెడల్ రాయిలా గట్టిపడింది. వీధిలో నెమ్మదిగా నడిపి, నాలుగైదుసార్లు ఆపి చూసుకున్నాను.

పొద్దున ఆమె బస్సు మాట ఎత్తలేదు. మా ఆయన నా పక్క సీటెక్కాడు. ఆమె వెనక సీట్లో కూర్చుని, తలుపు పిడిని మాత్రం వదల్లేదు. కడప దగ్గరపడుతుండగా గొర్రెల మంద ఉన్నట్టుండి రోడ్డు మీదికొచ్చింది. తొక్కాను. కారు ఎక్కడిదక్కడ ఆగింది. ఆమె పిడి వదిలి కొంగు సర్దుకుంది.

డాక్టరు దగ్గర పని ముగిశాక, మా ఆయన తాళాల కోసం చెయ్యి చాచాడు.

"నువ్వు ఎనక్కి పో నాయనా," అంటూ అత్త ముందు తలుపు తీసుకుని ఎక్కింది. "కోడలు తోల్తాది."

ఆయన వెనక్కి వెళ్లాడు. సంతోషంలో క్లచ్ తొక్కడం మరిచి, నాకు మొదటి గేరు పడనే లేదు.