పూత మీద పెట్టిన పొదుపు

ఈ సంగతి రాయడానికి కారణం మా నూజివీడు లైబ్రరీలో ఉన్న ఒక లోటు. డబ్బు దాచుకోవడం గురించి అక్కడ మూడు పుస్తకాలున్నాయి. మూడూ రెండేసి సార్లు చదివాను. ఒకటి వ్యాపారస్తులకు, ఒకటి ఉద్యోగస్తులకు, మూడోది ఎవరికో తెలియదు, మొదటి ఇరవై పేజీలు లేవు. మొగుడు సరిహద్దులో, జీతం బ్యాంకులో, చుట్టాలు గుమ్మంలో ఉన్న ఆడమనిషికి మాత్రం ఒక్కటీ లేదు. ఆ మాటే లైబ్రేరియన్‌గారితో అంటే, "అరలో చోటుందమ్మా, మీరే రాయండి" అన్నారు. ఎగతాళికన్నారో నిజంగానే అన్నారో నేను విచారించలేదు. పేర్లు మాత్రం రాయను. పేరు కనబడితే వీళ్ళ దగ్గర డబ్బుందని అప్పుకొస్తారని మా అత్తగారి భయం.

నా బడి చదువు పదో తరగతితో ఆగిపోయింది. మిగతా చదువంతా లైబ్రరీ బల్ల దగ్గర, ఫ్యాను కింద కుర్చీ దొరికిన రోజుల్లో సాగింది. మావారు ఆర్మీలో బండ్ల మెకానిక్. మిలిట్రీ జీతం మీద మా వైపు ఒక గట్టి నమ్మకం ఉంది. తిండి, బట్ట, మంచం, టోపీ అన్నీ సర్కారే ఇస్తుంది కాబట్టి జీతమంతా మిగులే అని. ఆ మిగులు ఎవరిదన్న దాని మీదే చుట్టాలకు ఏకాభిప్రాయం లేదు.

ఆయన సర్వీసు ముగియవస్తుండగా ఒక ఫారం వచ్చింది. ఇంకో రెండేళ్ళు ఉంటావా, ఇంటికి వెళతావా అని. ఆగిరిపల్లి రోడ్డు మీద బైకులు బాగుచేసే షెడ్డు పెట్టాలని ఆయన కోరిక. "షెడ్డుకి డబ్బులుంటే సంతకం పెట్టను. లేకపోతే పెడతాను" అన్నారు. మా అమ్మాయికి పదకొండేళ్ళు. నాన్నంటే దానికి ఫోనులోంచి "అన్నం తిన్నావా" అని అడిగే అరచేతి మనిషి. ఆయన సెలవుకు నిండు మనిషిగా దిగితే రెండు రోజులు తలుపు చాటునే ఉండేది. ఆ సంతకం పడకూడదని నా పట్టుదల.

అయితే ఇంటికొచ్చే డబ్బు జీతమంత ఉండేది కాదు. అడిగితే "కటింగులే, అవీ ఇవీ" అనేవారు. నెలనెలా జీతం చీటీ ఫోనుకు పంపేవారు. అన్నీ పొట్టి పొట్టి ఇంగ్లీషు అక్షరాలు. నేను తెరవకుండానే "చూశాను" అని పెట్టేదాన్ని. చదవాల్సిన పుస్తకాలు అన్ని ఉండగా చీటీలు ఎవరు చదువుతారు?

ఆదివారం చర్చి అయ్యాక మాత్రం ఫోను చేసి పాఠం చెప్పేదాన్ని.

"ఏవండీ, డబ్బుని నిద్రపోనివ్వకూడదట."

"ఇక్కడ మమ్మల్నీ పోనివ్వట్లేదులే."

మా వైపు మామిడి తోటను పూత మీదే కొంటారు. చెట్టు నిండుగా పూసినప్పుడు చూసి, ఇన్ని కాయలు కాస్తుందని ఊహించి, రైతుకు ముందే డబ్బు కట్టేస్తారు. ఆ తర్వాత మందు, నీళ్ళు, కాపలా, దేవుడు, అన్నీ కొన్నవాడి పూచీయే. మేము సరుకులు తెచ్చుకునే కొట్టాయన ఈ వ్యాపారమూ చేస్తాడు, వాటాదార్లను కలుపుకుంటాడు. షెడ్డుకి సరిపడా పెంచుదామని నేను దాచినదంతా తీసుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను.

"అక్కడ బావగారు దేశాన్ని కాస్తున్నారు చెల్లెమ్మా, ఇక్కడ మీ తోటని నేను కాస్తాను" అన్నాడు.

"ఒకే తోటలో పెట్టనండీ అన్నయ్యగారూ. మూడు చోట్ల పెడతాను. పుస్తకంలో అలా ఉంది."

"పుస్తకంలో ఉంటే పెట్టాల్సిందేనమ్మా!"

ఆగిరిపల్లిలో ఒకటి, మైలవరంలో ఒకటి, బాపులపాడులో ఒకటి, మూడు తోటల్లో వాటాలు తీసుకున్నాను. మా అత్తగారు బియ్యం ఏరుతూ విన్నారు.

"ఏంటమ్మాయ్, మూడు చోట్లా?"

"రిస్కు పంచుకోవడం అంటారు అత్తయ్యా."

"పంచుకునేదెవరే? మూడు చోట్లా నువ్వొక్కదానివేగా!"

చదువుకోనివాళ్ళ మాట అని నవ్వి ఊరుకున్నాను.

కాయ ముదిరే వేళకు ఒక సాయంత్రం ఈదురుగాలి లేచింది. మైలవరంలో మొదలై, ఆగిరిపల్లి మీదుగా బాపులపాడు దాకా పోయింది. నా పెట్టుబడుల జాబితా చేతబట్టుకుని వచ్చినట్టే వచ్చింది. మండలాలు మూడైనా ఆకాశం ఒకటే. ఈ ముక్క పుస్తకాల్లో ఎక్కడా లేదు. పోయిన ఇరవై పేజీల్లో ఉందేమో తెలియదు. మర్నాడు కొట్టాయన మూడు బస్తాల రాలిన కాయలు మా అరుగు మీద దింపించాడు.

"మీ వాటా చెల్లెమ్మా" అన్నాడు. పాపం, నాకంటే ఎక్కువ పోయింది ఆయనకే. అత్తగారు కత్తిపీట తీశారు. మూడు జాడీల మాగాయ అయింది.

ఫారం పంపడానికి ఇంకా వారం ఉంది. ఫోను చేసి జరిగింది చెప్పేశాను.

"సంతకం పెట్టెయ్యండి" అన్నాను.

"నువ్వు జీతం చీటీ చూస్తున్నావా?"

"చూస్తున్నా."

"అయితే కటింగుల్లో మొదటి వరస చదువు."

అప్పుడు తెరిచాను. ప్రావిడెంట్ ఫండ్ అని ఉంది. దాని పక్కన, మెస్సుకో యూనిఫారానికో పోతోందని నేను ఇన్నేళ్ళూ తిట్టుకున్న డబ్బు.

"ఇది కటింగన్నారుగా?"

"కటింగే. జీతంలోంచి కోసి మనకే దాస్తారు. కంటపడని డబ్బు ఖర్చవదని చేరిన కొత్తలో మా క్లర్కు సాబ్ రాయించాడు. జీతం పెరిగినప్పుడల్లా అదీ పెంచుకుంటూ వచ్చా."

"నాకు చెప్పొద్దూ?"

"నెలనెలా పంపానుగా! చూశానన్నావు. అయినా నువ్వు దాన్ని నిద్రపోనిస్తావా?"

"షెడ్డుకి సరిపోద్దా?" అని మాత్రం అడిగాను.

"నీ డబ్బు కూడా ఉంటే పెద్దదొచ్చేది. చిన్నదానికి సరిపోద్ది. సంతకం పెట్టట్లేదు."

ఫోను అమ్మాయి చేతిలో పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయాను.

సర్వీసు ముగించుకుని నల్ల ట్రంకుపెట్టెతో దిగారు. అమ్మాయి అలవాటు ప్రకారం రెండు రోజులు తలుపు చాటున ఉంది. మూడో రోజు బయటికొచ్చి, "మళ్ళీ ఎప్పుడెళ్తావు నాన్నా?" అంది. వెళ్ళనంటే నమ్మలేదు. మంచం కింద పెట్టె తెరిచి, అందులో బట్టలు లేవని చూసుకుని వచ్చింది.

ఇక కృతజ్ఞతలు. అరలో చోటు చూపించిన లైబ్రేరియన్‌గారికి, నేనెన్నడూ చూడని క్లర్కు సాబ్‌కి, బస్తాలకు కిరాయి అడగని కొట్టాయనకి, ఈ రోజు దాకా "నేను చెప్పలా?" అనని మా అత్తగారికి నమస్కారాలు. ఆవిడ అనరు, మాగాయ వడ్డిస్తారు, అంతే. చివరగా మావారికి. ఈ నెల పెన్షన్ చీటీ వచ్చినట్టుంది, షెడ్డుకు వెళ్తూ గుమ్మంలోంచి కేకేస్తున్నారు, "చదివి పెట్టనా?" అని.

అక్కర్లేదండీ. నేనే చదువుతాను.