ముప్పై ఎనిమిది శాతం ఛార్జింగ్‌తో గద్వాల నుంచి బల్మూరుకు

ఆదివారం సాయంత్రం మా అత్తమ్మ ఫోన్ చేసింది. ఆమె మా నాన్నకు చెల్లెలు, బల్మూరులో ఉంటుంది. నేను పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. ఆమె మాట మొదలుపెడితే అరగంటకు తక్కువ కాదు. "ఛార్జింగ్ లేదత్తమ్మా, మళ్ళీ చేస్తా" అని పెట్టేశాను. ఫోన్‌లో అరవై శాతం పైనే ఉంది. మళ్ళీ చేయలేదు. గురువారం తెల్లవారి ఐదున్నరకు మామ ఫోన్ వచ్చింది. "మీ అత్త పోయింది బిడ్డా. నిద్రల్నే పోయింది" అన్నాడు. ఈ బ్లాగులో ఇప్పటిదాకా సరదాగా తిరిగిన ఊళ్ళ గురించే రాశాను. ఇది అలాంటి ప్రయాణం కాదు. కానీ ఇదే దారిలో ఎవరైనా ఆదరాబాదరాగా పోవాల్సి వస్తే పనికొస్తుందని రాస్తున్నాను.

మా వైపు పెళ్ళైన ఆడమనిషి చనిపోతే తల్లిగారింటి నుంచి కొత్త చీర రావాలి. అది కప్పిన తర్వాతే ఎత్తుతారు. నాన్న పోయాక అత్తమ్మకు తల్లిగారి తరఫున మిగిలింది నేనొక్కదాన్నే. "రెండు గొట్టంగ ఎత్తుతమంటుండ్రు. నువ్వు రాకుంటే ఇంట్ల ఉన్న చీరల్నే ఒకటి కప్పుదమంటుండ్రు మా వాళ్లు. జర జల్ది రా" అన్నాడు మామ. బట్టల షాపులు పదింటిదాకా తెరవరు. మా వీధి చివర మగ్గం నేసే ఆమె దగ్గరికి పోతే ఆమె ఊళ్ళో లేదు, వచ్చేసరికి ఎనిమిదిన్నర అయింది. విషయం చెప్పగానే "మీ మామ ఉన్నడు గదా? ముత్తైదువు. ఆకుపచ్చది తీస్కపో తల్లీ" అని ఎర్రంచున్న నూలు చీర ఒకటి సంచిలో పెట్టి ఇచ్చింది.

ఇక ఫోన్ సంగతి. ముందురాత్రి వంట వీడియోలు చూస్తూ అట్లాగే నిద్రపోయాను, ఛార్జింగ్ పెట్టలేదు. పొద్దున్నే పెడదామంటే లైన్ మరమ్మతని మా వీధిలో కరెంటు తీశారు. ఇల్లు దాటేటప్పుడు ముప్పై ఎనిమిది శాతం ఉంది. పవర్‌బ్యాంక్ కొనుక్కోవాలని రెండేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాను.

తొమ్మిదింపావుకు గద్వాల బస్టాండులో వనపర్తి బస్సు దొరికింది. ఎర్రవల్లి, పెబ్బేరు మీదుగా గంటన్నర ప్రయాణం. ఆడవాళ్ళకు జీరో టికెట్, కానీ ఆధార్ కార్డు చేతిలో ఉండాలి. ఫోన్‌లో ఫొటో చూపిస్తే కొందరు కండక్టర్లు ఒప్పుకోరు. కిటికీ పక్కన ఎండలో కూర్చున్నాను, తెర కనపడక వెలుగు పూర్తిగా పెంచాను. ఎంత దూరం వచ్చానో చూసుకోవడానికి మ్యాప్ తెరిచి ఒళ్ళో పెట్టుకున్నాను. దీనికి తోడు బల్మూరు నుంచి ఫోన్లు. మామ, మామ తమ్ముడు, అత్తమ్మ ఆడబిడ్డ, ఎవరో పక్కింటాయన. అందరిదీ ఒకటే ప్రశ్న: "యాడిదాంక వచ్చినవ్?" బీచుపల్లి వంతెన దగ్గర చెప్పాను, పెబ్బేరులో చెప్పాను, పెబ్బేరు దాటాక మళ్ళీ చెప్పాను. చావింటి నుంచి వచ్చే ఫోన్ ఎత్తకుండా ఎట్లా ఉంటాం? వనపర్తిలో దిగేసరికి పంతొమ్మిది శాతం.

వనపర్తి బస్టాండు ఎదురుగా ఫోన్లు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. నడివయసాయన ఒక్కడే కూర్చున్నాడు. బ్యాటరీ చెడిపోయిందేమో చూడమన్నాను. ఆయన ఫోన్ చేతిలోకి తీసుకుని, "చెయ్యి కాలుతుంది గదమ్మా! గింత వేడి మీద చార్జింగ్ పెడితే బ్యాటరీ ఖరాబైతది" అని ముందు ఫ్యాన్ కింద పెట్టాడు. తర్వాత సెట్టింగులు తెరిచి నాకు చూపించాడు. "బ్యాటరీది తప్పేం లేదు. వెలుగు ఫుల్లు పెట్టినవ్, లొకేషన్ ఆన్ల ఉంది, ఎనక ఎన్ని యాప్‌లు నడుస్తున్నయో చూడు. ఇంకోటి, ఊరుకు ఊరుకు నడుమ సిగ్నల్ ఉండది. గక్కడ ఫోను టవర్ కోసం ఎతుక్కుంట ఎతుక్కుంట సగం చార్జింగ్ తింటది. గసొంటి కాడ ఫ్లైట్ మోడ్‌ల పెట్టాలె."

"ఫ్లైట్ మోడ్‌లో పెడితే ఫోన్లు రావు కదన్నా" అన్నాను.

"రావు మరి. రెండూ గావాలంటే ఎట్ల?" అన్నాడు. అంతలో నా చేతిలో చీర సంచి చూశాడు. నేను విషయం చెప్పాను. ఫోన్ చల్లబడ్డాక తన ఛార్జరే పెట్టాడు, నెట్ ఆపాడు, వెలుగు తగ్గించాడు, పవర్ సేవింగ్ పెట్టాడు. మామూలు రోజుల్లో ఇరవైకి రాగానే పెట్టి ఎనభై, తొంభై దగ్గర తీసేస్తే బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుందని, పూర్తిగా సున్నాకు రానివ్వొద్దని చెప్పాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. ముప్పై ఒక్క శాతం అయ్యేసరికి బయట నాగర్‌కర్నూల్ బస్సు ఒకటి వెళ్ళిపోయింది. పన్నెండు శాతం కోసం బస్సు వదులుకున్నానని ఆ తర్వాత దారంతా నన్ను నేనే తిట్టుకున్నాను.

పదకొండున్నర బస్సు ఎక్కి నాగర్‌కర్నూల్‌లో దిగేసరికి పన్నెండూ యాభై. ఒంటిగంటా పదికి అచ్చంపేట బస్సు. అచ్చంపేట నుంచి బల్మూరుకు ఆటోలో అరగంట లోపే. లెక్కప్రకారం కాస్త ఆలస్యమైనా అందుకుంటాను. కానీ దారిలో పెద్ద శబ్దం చేసి బస్సు ఆగింది. ఫ్యాన్ బెల్టు తెగిందన్నారు. రెండు వైపులా పత్తి చేలు, నడినెత్తిన ఎండ. సిగ్నల్ ఒక గీత వస్తుంది, పోతుంది. దారిలో వచ్చిన ప్రతి ఫోనూ ఎత్తేసరికి నాలుగు శాతమే మిగిలింది. దుకాణమాయన చెప్పింది గుర్తుంది. ఫ్లైట్ మోడ్ గుర్తు మీద వేలు కూడా పెట్టాను. నొక్కలేకపోయాను. ఆ కాసేపట్లోనే మామ చేస్తే?

ఒంటిగంటా యాభైకి చేశాడు. "బిడ్డా, ఇగ ఎత్తుతమంటుండ్రు. నువ్వు యాడ..." అన్నంతలో తెర నల్లబడింది.

పక్కన వేరుశనగ మూట పెట్టుకుని కూర్చున్న ఒక పెద్దామె అంతా వింటూనే ఉంది. "నాది తీస్కో, మాట్లాడు" అని బొడ్లో సంచి విప్పి తన ఫోన్ ఇచ్చింది. చేతిలోకి తీసుకున్నాక తెలిసింది, నాకు ఎవరి నంబరూ నోటికి రాదు. మామది రాదు, మామ తమ్ముడిది రాదు. వచ్చిన నంబరు ఒక్కటే. హైస్కూల్లో రెండేళ్ళు అత్తమ్మ ఇంట్లో ఉండి చదువుకున్నాను, అప్పుడు బట్టీ పట్టిన ఆమె నంబరు. అదే కొట్టాను. స్విచ్ఛాఫ్ వచ్చింది. పొద్దున్నుంచీ ఆమె ఫోన్‌కు ఛార్జింగ్ పెట్టేవాళ్ళెవరు? ఫోన్ తిరిగి ఇచ్చేసి బస్సు మెట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఆ పెద్దామె నీళ్ళ సీసా నా పక్కన పెట్టింది.

ఇంకో బస్సు రెండున్నరకు వచ్చింది. అచ్చంపేటలో దిగేసరికి మూడయింది. ఆటో డ్రైవర్ "ఎవలింటికి?" అని అడిగి, చీర చూసి, మిగతా సవారీల కోసం ఆగకుండా బండి తీశాడు. దారిలో ఒక్కసారి మాత్రం "ఎత్తిండ్రేమో అక్కా" అన్నాడు. నేనూ అదే అనుకుంటున్నాను.

ఎత్తలేదు. మూడున్నరకు వాకిట్లో దిగితే పాడె కట్టి సిద్ధంగా ఉంది, డప్పుల వాళ్ళు గోడ నీడన కూర్చుని ఉన్నారు. నన్ను చూసి అందరూ లేచారు. ఆడవాళ్ళు దారి ఇచ్చారు. ఆకుపచ్చ చీర మడత విప్పి అత్తమ్మ మీద కప్పాను. పసుపు రాసిన ముఖం, పెద్ద బొట్టు. పిలిస్తే పలికేటట్టే ఉంది. చీర అంచు సరిచేశాను.

మామ నా పక్కన కూర్చున్నాడు. "మా వాళ్లు లొల్లి పెట్టిండ్రు బిడ్డా. ఫోను బందొస్తుంది, ఇగ రాదు, ఎత్తుదం అన్నరు. నేనే ఆపిన" అన్నాడు. తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "మీ అత్త అందరికి చెప్తుండె. పాపం పిల్ల ఫోన్ల చార్జింగ్ నిలువది, గందుకే చెయ్యది, మనసుల లేక గాదు అని. మొన్న ఆదివారం గూడ గదే చెప్పింది. గందుకే నేనన్న, ఫోను బందయిందంటే చార్జింగ్ అయిపోయుంటది, బిడ్డ తొవ్వల ఉంటది అని."

అది అబద్ధమని ఇప్పటికీ మామకు చెప్పలేదు. ఎన్ని ఆదివారాలు ఆ మాట అన్నానో నాకే లెక్క లేదు. అన్న ప్రతిసారీ ఆమె నమ్మింది. నన్ను ఒక్క మాట అనకుండా నా ఫోన్‌ను తిట్టుకుంది. నేను చెప్పిన అబద్ధాన్నే నా తరఫున నలుగురికీ చెప్పి పెట్టింది. అదే ఆ రోజు ఆమెను వాకిట్లో గంటన్నర ఆపింది, నన్ను ఆమె దగ్గరికి చేర్చింది. వెలుగు తగ్గించడం, లొకేషన్ ఆపడం, ఫోన్‌ను ఎండలో పెట్టకపోవడం, అన్నీ ఇప్పుడు చేస్తున్నాను. ఛార్జింగ్ సాయంత్రం దాకా బాగానే నిలుస్తోంది. సాయంత్రం మోగే ఫోనే లేదు.

ఈ దారిలో పోయేవాళ్ళకు ఒక్క మాట. పవర్‌బ్యాంక్ ఉన్నా లేకున్నా, ముఖ్యమైన మూడు నంబర్లు కాగితం మీద రాసి ఆధార్ కార్డు కవరులో పెట్టుకోండి. ఫోన్ ఆగిపోతే అడగ్గానే ఇచ్చేవాళ్ళు బస్సులో తప్పకుండా ఉంటారు, కొట్టడానికి నంబరే ఉండదు. నా కాగితంలో మొదటిది మామ నంబరు. ఆదివారం సాయంత్రాలు నేనే చేస్తున్నాను.