త్రీ ఎయిటీ సిక్స్‌కు మెత్తగా వండిన ఆపా

మా ఇంట్లో పాత పెంటియం కంప్యూటర్ మీట నొక్కగానే ముందు దుమ్ము కాలిన వాసన వస్తుంది, ఆ తర్వాత ఫ్లాపీ గొంతు సవరించుకుంటుంది. మా ఆవిడ వెంటనే అగరబత్తి వెలిగిస్తుంది. నాకు మాత్రం అక్కలాంటి ఖైరున్నీసా ఆపా గుర్తుకొస్తుంది. తొంభైల చివర్లో నల్లగొండలో ఆమెకు కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఉండేది. ఎనిమిదో తరగతిలో బడీ నేనూ ఒకరినొకరం వద్దనుకున్నాక, నాలుగైదు పనులు మార్చి, ఇరవై అయిదేళ్ల వయసులో అక్కడ పనికి తేలాను. ఊళ్లో పెంటియంలు దిగుతున్నా ఆపా దగ్గరికి వచ్చేవన్నీ వాటికి రెండు తరాల ముందటి త్రీ ఎయిటీ సిక్స్‌లే. వాటిలో ఉచితంగా దొరికే లైనక్స్ ఎక్కించి బతికించేది.

"ఇది దుకాణమా, వృద్ధాశ్రమమా ఆపా?" అన్నానొకసారి.

"నీకు గూడ ఒక మంచం ఉంచిన తియ్, ఫికర్ చెయ్యకు."

ఒకరోజు పోచంపల్లి నేతపనివాడు ఆగయ్య తన కంప్యూటర్‌ను బస్సులో ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. చీరల డిజైన్లన్నీ అందులోనే గీస్తాడు. గీసే ప్రోగ్రాం మాటిమాటికీ మధ్యలో ఆగిపోతోందన్నాడు. ఆ సమయానికి ఆపా లేదు, నా తెలివి ఉంది. ఆ పాత ప్రోగ్రాం తుడిచేసి, కొత్త సీడీలోని ప్యాకేజీ ఎక్కించాను. తెరవగానే 'చెల్లని ఆజ్ఞ' అని చెప్పి మూసుకుంది.

ఆగయ్య ముఖం వాడిపోయింది. "సోమారం నూలుకు ముడులు కట్టుడు షురూ చెయ్యాలె. డిజైన్ అండ్లనే ఉన్నది. కొత్త మిషన్ నేనేడ కొందు?"

ఆపా వచ్చి సీడీ తిప్పి చూసింది. "ఇది పెంటియం కోసం వండిన ప్యాకేజీరా నర్సింలు. పండ్లు లేని అవ్వకు సకినాలు పెట్టినవ్!"

ఆ ప్రోగ్రాంను మొదట రాసిన మూలపాఠం, అదే సోర్సు, తీసి, త్రీ ఎయిటీ సిక్స్‌కు తెలిసిన ఆజ్ఞలతోనే మళ్లీ ప్యాకేజీ కట్టడానికి కూర్చుంది. రెండు గంటలు పట్టింది. తప్పు నాదే అయినా నోరు ఊరుకోలేదు: "ఒక్కని కోసం ఇంత తిప్పలా ఆపా?"

"అవ్వ నమిలే మెత్తని బువ్వ పెండ్లికొడుకు తినడా? గిది కొత్త మిషన్ల గూడ నడుస్తది. ముందు అవ్వకు పెట్టు, అందరు తింటరు."

తెర మీద చీర అంచు గడి గడిగా విచ్చుకుంది. ఆగయ్య తెరను అరచేత్తో తడిమాడు. "గీ పిలగాడు నా మిషన్‌ను చంపిండనుకున్న."

"చంపలే కాక, పస్తువెట్టిండు," అంది ఆపా.

ఇప్పుడు లైనక్స్‌ను ప్రపంచమంతా ఉచితంగా పంచే ఒక బృందంలో పాత మిషన్ల ప్యాకేజీలు కట్టేది నేనే. అప్పటి పెళ్లికొడుకు పెంటియంకే ఇప్పుడు పళ్లూడాయి. ఈ పాత సరుకు ఇంకా ఎందుకని పెద్ద చదువులవాళ్లు అడుగుతుంటారు. నేను వాదించను. కట్టిన ప్రతిదాన్నీ ముందు ఈ ముసలిదాంట్లో నడిపి చూస్తాను. నడిచాకే బయటికి పంపి, పక్కన రెండే మాటలు రాస్తాను: 'అవ్వ తిన్నది.' దేశదేశాల వాళ్లు అదేదో పరీక్ష పేరనుకుంటున్నారు. అనుకోనీ, అబద్ధమైతే కాదుగా.