టమేటాలకు మెడ ఉండదు

ఆ రోజు మెషీన్ మీద 28 ఉంటే నేను 23 అని చదివాను. పలమనేరు టమేటా మండీలో ఇరవై రెండేళ్లుగా తూకం చూస్తున్నాను. అంకె తప్పు చదవడం అదే మొదలు.

"ఏమప్పా, నా అయిదు కేజీలు యాడికి పోయినాయి?" అన్నాడు రైతు.

కళ్లద్దాలు మార్చాలేమోనని వెళితే, కళ్ల డాక్టరు రక్తపరీక్షకు పంపింది. ఫాస్టింగ్ 212. మూడు నెలల సుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 9.4. సుగర్ డాక్టరు మాత్రలు రాసి, "రోజూ నలభై అయిదు నిమిషాలు నడవండి. మూడు నెలల్లో ఏడున్నర లోపు రాకపోతే ఇన్సులిన్ మొదలుపెడదాం" అన్నాడు. నాకు సూదంటే భయం. అది లెక్కకు అందే భయం కాదు.

నడవడానికి అడ్డు నా మనవరాలు. నాలుగు నెలల పిల్ల. మా అమ్మాయి ఏడింటికే స్కూల్లో పాఠం చెప్పడానికి వెళ్తుంది, నా భార్య పాలకేంద్రానికి వెళ్లి పదింటికి వస్తుంది. నేను మండీకి పోయే పది గంటల దాకా పిల్ల నా దగ్గరే. పడుకోబెడితే పదకొండో సెకనుకు ఏడుపు మొదలు. చేతుల్లో ఎత్తుకుని నడిస్తే తొమ్మిదో నిమిషానికి నా చేయి తిమ్మిరెక్కేది.

"బిడ్డను సంచి మాదిరి ఎదకు కట్టుకోని నడిసేదానికి బేబీ క్యారియర్ అని ఉంటాది నాయనా" అని మా అమ్మాయి తోటి టీచర్ల దగ్గర మూడు రకాలు అడిగి తెచ్చింది.

పరీక్షించకుండా పిల్లను అందులో పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. పిల్ల బరువు 6.2 కేజీలు. సరిగ్గా అంతే టమేటాలు గుడ్డసంచిలో పోసి, సాయంత్రాలు రోజుకో క్యారియర్‌లో కట్టుకుని, బైపాస్ దాకా నలభై అయిదు నిమిషాలు నడిచి వచ్చి, చితికినవి లెక్కపెట్టాను.

టీకొట్టు దగ్గర నా స్నేహితుడొకడు నా పొట్ట వైపు చూసి, "ఏమబ్బా, ఎన్నో నెల?" అన్నాడు.

మొదటిదానిలో పద్నాలుగు చితికాయి. దాని అడుగు సన్నం, బరువంతా ఒకచోటే పడుతుంది. రెండోదానిలో తొమ్మిది. అడుగు వెడల్పుగా ఉన్న మూడోదానిలో రెండే. మూడు రోజులూ ఇంట్లో పచ్చడే. "ఇంకొక క్యారియర్ తెస్తే నేను మా పుట్టింటికి పోతా" అన్నది నా భార్య.

టీకాల రోజున పిల్లను ఆ మూడోదానిలో కట్టుకుని పిల్లల డాక్టరమ్మకు నా లెక్కంతా చెప్పాను. ఆవిడ పూర్తిగా విన్నది. తర్వాత పిల్ల గడ్డం కింద రెండు వేళ్లు పెట్టబోయింది. దూరలేదు.

"లెక్క బాగుంది సార్. కానీ టమేటాలకు మెడ ఉండదు కదా" అన్నది. "గడ్డం ఛాతీకి ఆనితే ఎయిర్‌వే, అంటే ఊపిరి ఆడే దారి, మూసుకుపోతుంది. మీరు తల వంచితే నెత్తిన ముద్దు పెట్టేంత పైన ఉండాలి. ముఖం ఎప్పుడూ కనబడాలి. నడక మాత్రమే, పరుగు వద్దు."

పట్టీలు ఆవిడే సరిచేసింది. ఇంటికి వచ్చేదాకా నేను పిల్ల ముఖం మీంచి చూపు తిప్పలేదు. మూడు రోజులు టమేటాల మీద పెట్టిన శ్రద్ధ, ఒక్క నిమిషమైనా ఆ మెడ మీద పెట్టలేదు.

మర్నాటి నుంచి నిదానంగా గంట నడక. వానలకు పదకొండు రోజులు ఆగిపోయింది. 140కి దిగిన ఫాస్టింగ్ మళ్లీ 171కి ఎక్కింది. వాన వెలిసిన రోజే మళ్లీ మొదలుపెట్టాను.

మూడు నెలలకు సుగర్ డాక్టరు దగ్గర మెషీన్ ఎక్కితే 79.6. మొదట్లో 76.2. ఇంత నడిచి 3.4 కేజీలు పెరిగానా? సూది ఖాయమనుకుని మెషీన్ దిగాను.

"సార్, పాపను దించి ఎక్కండి" అన్నది నర్సు.

ఇరవై రెండేళ్లుగా ప్రతి తూకంలో ఖాళీ క్రేటు బరువు తీసేసే మనిషిని, ఎదమీద నిద్రపోతున్న పిల్లను తీసేయడం మరిచాను. పిల్ల 7.3, క్యారియర్ 0.7. నా బరువు 71.6. రిపోర్టు వచ్చింది: హెచ్‌బీఏ1సీ 7.2. సూది తప్పింది.

ఇప్పుడు పిల్లకు పద్నాలుగు నెలలు. పొద్దున ఆరింటికి ఆ క్యారియర్‌ను ఈడ్చుకొచ్చి నా కాళ్ల మీద పడేస్తుంది. నేను నడక మానేద్దామన్నా మాననివ్వదు.

పసిబిడ్డతో నడవాలనుకునే వాళ్లకు ఒకటే మాట. ఏ క్యారియర్ కొనాలన్నది తర్వాత, ముందు బిడ్డను మీ డాక్టరుకు చూపించండి. కట్టుకున్నాక, మొదటి అడుగు వేసే ముందు, గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి చూడండి. దూరితేనే గడప దాటండి.