నిలబడే మీటింగులో నేను పెట్టిన శోకం

బతికున్న మనిషిని నేనొకసారి చంపేశాను. కత్తి లేదు, మందు లేదు, వట్టి గొంతుతో. నా గొంతు సంగతి తెలియనివాళ్లకు ముందే చెబుతున్నాను, పత్తి మిల్లులో తిరిగే పట్టా తెగితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మా ఊరు కర్ఖేలిలో ఎవరింట్లో చావైనా నాకోసం మనిషిని పంపేవాళ్లు. నేను మొదలుపెట్టానంటే చనిపోయినవాడికి అప్పిచ్చినవాళ్లు కూడా ముక్కు చీదుకునేవాళ్లు. నేను నేర్చిన చదువు అదొక్కటే. ఆ చదువు నా కొంప ముంచితే ముంచనీ, పాపం ఒక ఆడపిల్ల చదువును కూడా పట్టుకొని ముంచబోయింది.

ఆ పిల్ల సుజాత. నా పెనిమిటి పోయాక నేను నాందేడ్ వచ్చి ఉంటున్న వాడలోనే, నా పక్క గదిలో కిరాయికి ఉంటుంది. నన్ను అత్తా అంటుంది. ఏళ్ల తరబడి చదువుతూనే ఉంటే ఒకరోజు అడిగాను.

"ఏందే అది, ఒడవని చదువు?"

"అజైల్ అంటరు అత్తా. కంపెనీలల్ల సాఫ్ట్‌వేర్ చేసే పద్ధతి. పని మొత్తం ఒక్కపారే చెయ్యరు. ముక్కలు ముక్కలు చేసి, చూపెట్టుకుంట, దిద్దుకుంట పోతరు. రోజు పొద్దుగాల అందరు నిలబడి, నిన్న ఏం చేసిన, ఇయ్యాల ఏం చేస్త, యాడ అడ్డం పడ్డది, ఇవి చెప్పుకుంటరు."

"గా ముచ్చట కూసొని చెప్పుకోవద్దా?"

"కూసుంటే ముచ్చట ఒడవదని నిలబడతరు."

"మరి అండ్ల నువ్వు చేసేదేంది?"

"దాని మీద దునియాల చానామంది పరిశోధన చేసిండ్రు. చానా మట్టుకు ప్రశ్నల కాయితాలు పంపి జవాబులు తెప్పించుకునుడే. నింపేటోళ్లు అంతా మంచిగుందని నింపుతరు. ఒకలు పని జల్ది అయితదని రాసిండ్రు, ఇంకొకలు ఏం ఫరక్ లేదని రాసిండ్రు. ఇద్దరు చూసింది ఒక్కటేనా అంటే అదీ లేదు, ఎవరి అజైల్ వాళ్లది. రోజు పక్కన ఉండి కండ్లతోని చూసినోళ్లు తక్వ. నేను చూడాలె."

నాకు అర్థమైంది. పెళ్లి సంబంధం కోసం వాకబు చేసినట్టే ఉంది ఈ పరిశోధన. ఊరంతా పిల్లగాడు బంగారం అంటుంది, ఒక్కరూ వాడింట్లో నాలుగు రోజులు ఉండి చూసినవాళ్లు కారు.

అయితే సుజాతను లోపలికి రానిచ్చే కంపెనీ దొరకలేదు. తిరిగి తిరిగి చివరికి ఒక చిన్న ఆఫీసు ఒప్పుకుంది. అదీ పోతే ఇన్నేళ్ల చదువు గంగలో కలిసినట్టేనని ఆమె గైడు ఖరాఖండిగా చెప్పాడట. ఆ ఆఫీసు సాబు మా గల్లీ చివరి మేడవాడు, తెలుగు కోమట్లే. తండ్రి గిన్నెల దుకాణం మీద అంతస్తు వేసి కంప్యూటర్లు పెట్టాడు. చాయ్ చేసే మనిషి కూడా కావాలన్నాడట. సుజాత నా పేరు చెప్పింది. చూడండి, మంచి చేయబోయినవాళ్లకు నాలాంటిది ఎలా తగులుకుంటుందో.

మొదటి రోజు మెట్లెక్కుతూ చెప్పింది.

"అత్తా, వాళ్లు నిలబడి మాట్లాడేటప్పుడు నేను మూలకు కూసొని రికార్డు చేసుకుంట. నువ్వు మాత్రం లోపలికి రాకు."

"చాయ్ చల్లారదా?"

"చల్లారనీ."

అక్కడే మాకు చెడింది. నా చేతి చాయ్ చల్లారితే ఇక నేనెందుకు? కప్పులన్నీ పళ్లెంలో పెట్టుకొని, భుజంతో తలుపు నెట్టి లోపలికి పోయాను.

ఏం చూశానో వినండి. పిల్లలందరూ గుండ్రంగా నిలబడి ఉన్నారు. ఒక్కరి నోటా మాట లేదు. తలలన్నీ వంచుకొని ఉన్నాయి. సాబు కుర్చీ ఖాళీ. కుర్చీ వెనక గోడకు ఒక మగమనిషి ఫోటో, దానికి తాజా బంతిపూల దండ, ముందర ఊదుబత్తి. కావేరి అనే పిల్ల చున్నీతో ముక్కు తుడుచుకుంటోంది.

మీరైతే ఏమనుకుంటారు? బడిలో గానీ ఆఫీసులో గానీ పెద్దమనిషి పోతే ఇలాగే కదా నిలబెడతారు! వాళ్లు తలలు వంచింది ఫోన్లు చూసుకోవడానికనీ, ఆలస్యమైన సాబు కోసం ఎదురుచూస్తున్నారనీ, ఆ ఫోటో సాబు తండ్రిదనీ, కావేరికి జలుబనీ నాకేం తెలుసు? గల్లీలో ఎప్పుడూ హెల్మెట్ పెట్టుకునే పోయే సాబు మొహం నేనెన్నడూ చూడలేదు. చావు జరిగిన చోటికి పోయి పొడి కళ్లతో నిలబడితే మా దిక్కు అది ఆ ఇంటిని అవమానించినట్టు. పైగా కొత్త కొలువు. పళ్లెం బల్ల మీద పెట్టాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. రాగం తీశాను.

"అయ్యో సాబూ! మమ్ముల నడిమిట్ల ఇడిసిపెట్టి పోతివా సాబూ!"

గాజు కిటికీ జిల్లుమంది.

శోకమంటే ఊరికే అరవడం కాదు, పోయినవాడి గుణాలు చెప్పి ఏడవాలి. ఈయన గుణాలు నాకొక్కటీ తెలియవు. దగ్గరున్నవే అందుకున్నాను.

"ఎండల పడి అచ్చి, ముఖం గూడ కడుగకముందే తిన్నవా అని అడుగుదువు గదా! ఇంక నన్నెవరడుగుతరు సాబూ! నాకు జరమొస్తె పొయ్యి ముట్టిచ్చి జొన్న గట్క కాస్తివి గదా!"

అవి నా పెనిమిటి గుణాలు. ఆయన రోగమొచ్చి పెద్ద దవాఖానాలో పోయాడు. అందరినీ దూరం దూరం నిలబెట్టిన రోజులవి. ముఖం చూపించలేదు, అటు నుంచి అటే తీసుకుపోయారు. ఊళ్లో అందరి చావుకూ ఏడ్చిన నేను, నా ఇంటి చావుకు నోరు తెరవలేదు. అదంతా లోపల మూటగట్టి ఉందని నాకే తెలియదు. ఆఫీసులో ఆ మూట విప్పుకుంది. ఇక ఆపడం నా చేతిలో లేకపోయింది.

అక్కడున్న పిల్లలు నన్ను ఆపొద్దా? వాళ్లలో పెద్దవాడు ప్రదీప్ తెల్లబోయి అన్నాడు, నాందేడ్‌లో పిన్ని వయసు ఆడమనిషిని మావశి అనే పిలుస్తారు.

"ఈ మావశి సాబ్ గల్లీలనే ఉంటది. అక్కడి నుంచే కబురు తెచ్చింది. అందుకే ఫోన్ ఎత్తుతలేడు!"

"అరే దేవా! నిన్ననే నన్ను తిట్టిండు గదరా!" అంది కావేరి. ఈసారి నిజంగానే ముక్కు తుడుచుకుంది.

నేను ఊపిరి తీసుకోవడానికి ఆగాను. ఆ సందులో ప్రదీప్ మెల్లగా అన్నాడు.

"మరి... శుక్రవారం కస్టమర్‌కు పని ఇచ్చుడు ఉన్నట్టా, లేనట్టా?"

"ఎట్ల ఇస్తం? సగం గూడ కాలే," అంది కావేరి.

"రోజు అంతా మంచిగనే నడుస్తుందంటివి?"

"నువ్వు అనలేదా? సాబ్ ముందట నిలబడి కాలేదని ఎవరంటరు?"

ఒకరి తర్వాత ఒకరు బయటపెట్టారు. ఒకడికి ఆ పని చేయడమే రాదట, అడగడానికి భయమట. ఒకామె చేసిందంతా చెడిపోతే తెల్లవార్లూ మళ్లీ చేసిందట. మూలన సుజాత కళ్లు పెద్దవి చేసుకొని కూర్చుంది, ఆమె రికార్డు నడుస్తూనే ఉంది.

"శుక్రవారం గురించి ఇంకెవరన్నా చెప్పేదుందా?"

అన్నది వాళ్లలో ఎవరూ కాదు. తలుపు దగ్గర, చేతిలో హెల్మెట్‌తో, ఫోటోలోని ముఖమే, కాకపోతే మీసం నల్లగా.

నేను చేసిన పని చెప్పమంటారా? చచ్చినవాడు లేచొచ్చాడని పళ్లెం అడ్డం పట్టుకొని ఇంకా గట్టిగా అరిచాను.

అన్నీ తెలిసేసరికి సాబు ముఖం ఎండుమిరపకాయైంది. పిల్లలను ఏమీ అనలేదు. సుజాత వైపు తిరిగాడు.

"నీ రీసెర్చూ వద్దు, గీ తమాషా వద్దు. సామాన్ తీసుకొని నడువు."

సుజాత మెట్ల మీద కూలబడింది. ఏడవలేదు, అదే నన్ను కోసేసింది. ఒకరి చదువు చంపినదాన్ని, నేనూ చస్తే ఏమని వేడి చాయ్ పట్టుకొని సాబు గదిలోకి పోయాను.

"తప్పు నాది సాబ్. నన్ను తీసెయ్యుండ్రి. పిల్లనేమనకుండ్రి."

చాయ్ కప్పు అందుకొని అడిగాడు.

"ఎంతసేపు నిలబడ్డనో తెలుసా బయట?"

"లోపలికి రావద్దా సాబ్?"

"ఎట్ల రావాలె? నువ్వు అంత మంచిగ ఏడుస్తుంటివి. నా గురించి అంత మంచిగ ఇప్పటిదాంక ఎవరు మాట్లాడలే. తర్వాత వీళ్లు మాట్లాడిండ్రు, అదీ ఇన్న."

పాపం అనిపించింది. కానీ నా నోరు ఊరుకుంటేనా?

"సాబ్, మీరు సచ్చిండ్రంటెనే నిజం చెప్పిండ్రు గదా. రోజు గా పది నిమిషాలు సచ్చినట్టు ఉండుండ్రి. కంపెనీ బతుకుతది, పిల్ల చదువు బతుకుతది."

అన్నాక నాలుక కరుచుకున్నాను. సాబు నోట్లో చాయ్ ముక్కులోంచి వచ్చింది. దగ్గాడో నవ్వాడో ఇప్పటికీ నాకు తేలలేదు.

సుజాతను మళ్లీ పిలిచారు. గురువారం నాటి ఆ రికార్డు పనికిరాదు, మధ్యలో శవయాత్ర దూరిందని గైడు కొట్టేశాడట. ఆ తర్వాత నెలల తరబడి చూసిందే లెక్కలోకి వచ్చింది. పెద్ద లేనప్పుడు నిలబడ్డ మీటింగులో ఏం మాట్లాడతారో రాసుకుంటూనే ఉంది.

ఆ పది నిమిషాలూ సాబు ఎక్కడుంటాడంటారా? ఆఫీసులో నేను చాయ్ కాచే వంటగదిలో, డబ్బా మీద. మొదటి రోజు కూర్చొని చాయ్ ఊదుకుంటూ అడిగాడు.

"మావశీ, నాకెప్పుడన్నా ఎవరికన్నా గట్క కాసిచ్చినట్టు యాదికి లేదు. ఎవరియి గా మాటలు?"

"ఇంటాయనయి."

కప్పు ఖాళీ అయ్యాక కూడా సాబు అలాగే కూర్చున్నాడు. గోడ అవతల పిల్లలు ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు. లేచి పోతూ గుమ్మం దగ్గర ఆగి, నా వైపు చూడకుండా, మొరటుగా అన్నాడు.

"తిన్నవా?"

తిన్నానో లేదో నాకే గుర్తు రాలేదు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, అందరి ముందూ ఒట్టు వేస్తున్నాను. ఇక ముందు మనుషులు గుండ్రంగా నిలబడి తలలు వంచుకుంటే, పోయిందెవరని పేరు పేరునా అడిగి, నాడి పట్టి చూశాకే నోరు తెరుస్తాను. మా ఇంటాయన కోసం ఏడవాల్సింది ఇంకా మిగిలే ఉంది. దాన్ని ఈసారి ఏ కంపెనీకీ ఇవ్వను.