సాంచా ఎక్కని అంతస్తు

సూరత్ దగ్గరి జోల్వాలోని ఆ రో హౌస్ తలుపు తీయగానే సోమలింగం గోడల వంక చూడలేదు. మడమతో నేల బండను రెండుసార్లు తట్టి, ముందుగదిలో ఈ చివరి నుంచి ఆ చివరికి అడుగులు వేసుకుంటూ నడిచాడు. తర్వాత అడ్డంగా నడిచాడు.

"నాలుగు మంచాలు పడతయన్నా" అన్నాడు బ్రోకర్ రఘుపతి.

"నాలుగు పడతయి" అన్నాడు సోమలింగం.

అతను లెక్కపెట్టింది మంచాలను కాదని గుమ్మంలో నిలబడ్డ భార్య ఊర్మిళకు అర్థమైంది. సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చిన నేతవాళ్ళు మరమగ్గాన్ని సాంచా అంటారు. సోమలింగం పద్దెనిమిదేళ్ళు పరాయి సాంచాల మీద నేసి, పన్నెండు సొంతం చేసుకున్నాడు. పెట్టుబడికి బ్యాంకు అప్పు తెచ్చి, ఉన్న ఇల్లు తాకట్టు పెట్టాడు. అతని గుడ్డ కొనే వ్యాపారి ఒకరోజు దుకాణం మూసి మాయమయ్యాడు. 'పార్టీ ఉఠ్ గయీ', అంటే ఆసామి మునిగిపోయాడు, అంది మార్కెట్. నాలుగు నెలల తర్వాత అదే మాట సోమలింగాన్ని గురించీ అంది. సాంచాలు తూకం లెక్కన పాత ఇనుముకు పోయాయి. ఇల్లు బ్యాంకు తీసుకుంది. కోర్టు దివాలా ప్రకటించింది.

ఇది జరిగి తొమ్మిదేళ్ళు. అప్పటి నుంచి సూరత్ శివారులోని ఉన్ అనే పేటలో కిరాయి గది. అతను వేరేవాళ్ళ కార్ఖానాలో సాంచాలు రిపేరు చేస్తున్నాడు. ఊర్మిళ చీరల ప్యాకింగ్ కంపెనీలో సూపర్‌వైజర్. ఆమె జీతానికీ, కూతురు హారతి జీతానికీ కలిపి ఇంటి అప్పు ఇస్తామని ఒక బ్యాంకు ఒప్పుకుంది. కాగితాల్లో సోమలింగం పేరు మాత్రం ఉండకూడదంది.

"కింద నాలుగు సాంచాలు పెడత. మనం పైన ఉంటం" అన్నాడతను. "సెకండ్ హ్యాండువి సస్తల దొరుకుతున్నయి. ఏడాదిల నువ్వు డ్యూటీ బంద్ చేయొచ్చు."

"పోయినసారి గూడ గిట్లనే బంద్ చేయించినవ్. తర్వాత నేను మళ్ళ పనికి పోతెనే పొయ్యి ముట్టింది."

"ఆ సేటు ముంచిండు. నా తప్పేమున్నదే?"

"నీ తప్పని నేనన్ననా? ఇల్లు పోయింది అంటున్న."

రఘుపతి మధ్యలో దూరాడు. "వదినె, అన్న చేతిల పనున్నది. ఊకె ఎట్ల కూసుంటడు?"

"కూసోమని ఎవలన్నరు? రఘుపతీ, మూడో అంతస్తుల ఏమన్న ఉన్నదా?"

"ఉన్‌ల ఉన్నది గని, లిఫ్ట్ లేదు."

"లేకుంటెనే మంచిది."

ఆ సాయంత్రమే చూశారు. మెట్ల మలుపు దగ్గర సోమలింగం ఆగి, రెండు చేతులూ చాచి గోడల మధ్య దూరం కొలిచాడు.

"ఈడ సాంచా ఫ్రేమ్ తిరగది" అన్నాడు.

"తెలుసు" అంది ఊర్మిళ, ఆగకుండా పైకెక్కుతూ.

ఫ్లాటంటే ఒక గది, ఒక హాలు, వంటకు చిన్న చోటు. రఘుపతి అలవాటు ప్రకారం మగవాడినే అడిగాడు. "ఏమంటవన్నా? టోకెన్ ఇస్తరా?"

"సంతకం ఆమెది. నన్నెందుకు అడుగుతవ్?"

"నేనడుగుతున్న" అంది ఊర్మిళ. "నువ్వు వద్దంటె ఇది వద్దు. కిరాయి గదిలనే ఉందాం. జోల్వల మాత్రం సంతకం పెట్ట."

సోమలింగం బాల్కనీలోకి వెళ్ళాడు. వీధి చివర ఏదో కార్ఖానాలో సాంచాలు నడుస్తున్నాయి. ఒకదాని చప్పుడు తేడాగా ఉంది. అందులో ఏ భాగం అరిగిందో అతను ఇక్కడి నుంచే చెప్పగలడు. ఎవరూ అడగలేదు. రఘుపతి రెండుసార్లు ఫోను తీసి టైము చూసుకున్నాడు. ఊర్మిళ చేతిసంచీ తెరవకుండా గోడకు ఆనుకుని నిలబడింది.

కాసేపటికి అతను లోపలికి వచ్చి, వంటచోట ఉన్న నల్లా విప్పాడు. నీళ్ళు సన్నగా పడ్డాయి.

"గింతేనా ధార?" అన్నాడు రఘుపతితో. "టోకెన్ ఇచ్చేముందు బిల్డింగు సెక్రటరీని పిలువు. మోటర్ ఎన్ని గంటలకు ఏస్తరో అడుగుదాం."